పిల్లాడి మోజు, కుందేలు ప్రాణం

పిల్లలు మారాం చేశారని ఫ్లెమిష్ జెయింట్ కుందేలును ఇంట్లో పెంచబోయే తండ్రుల్ని నేనొకటడుగుతాను. ఆ జాతి పుట్టిల్లు చలిదేశం బెల్జియం. 6, 7 కిలోల ఒళ్ళు, నిండా బొచ్చు. చెమట పట్టదు, ఒంట్లో వేడి పోవడానికి చెవులే దిక్కు. 30 డిగ్రీలు దాటితేనే అల్లాడే ప్రాణి, 40 దాటే మన కర్నూలు, కడప ఎండల్లో ఎలా బతుకుతుంది? కరెంటు పోతే మనం విసనకర్ర పుచ్చుకుని అరుగుమీదికొస్తాం. బోనులోది ఎక్కడికి పోతుంది?

‘‘క్యారెట్టు పడేస్తే చాలదటే?’’ అంటారు. చాలదు! దాని పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి. అవి అరగాలంటే పొద్దస్తమానం గడ్డి నమలాలి. ఆ గడ్డి వేసేదెవరు, పెంటికలెత్తేదెవరు? ఇల్లాలే! మోజు వాళ్ళది, చాకిరీ మనది.

చల్లని గదీ, తిరగను చోటూ ఇవ్వలేనప్పుడు బేరం దగ్గరే వద్దనండి. పిల్లాడు ఒకపూట ఏడుస్తాడు, అంతేగా!