ముందు క్రాంకు, పిమ్మట రంగు

మైసూరు, బెంగుళూరు, కోలారు ప్రాంతములలో తరతరాలుగా స్థిరపడిన మన కుటుంబములలో పలువురి ఇండ్లయందు, పెరటి వసారాలో గోనెపట్టా కప్పుకొని నిలిచియున్న జావా బండి యొకటి కనబడుచుండును. తాతగారు కొన్నది, నాయనగారు నడిపినది, మనుమల చేతికి వచ్చునప్పటికి మూగవోయినది. కొంతకాలముగా ఈ బండ్లకు మంచి దినములు వచ్చినవి. మన యువకులు వానిని వెలుపలికి లాగి, టాంకికి ఎఱ్ఱరంగు వేయించి, పొగగొట్టములకు క్రోమియము పూత పెట్టించి, పెండ్లిపందిరి ముందర నిలిపి ఛాయాచిత్రములు తీయించుకొనుచున్నారు. సంతోషమే. కాని ఆ సొమ్ములో అధికభాగము వేయరాని చోట వేయుచున్నారని మా అభిప్రాయము. ముందు ఇంజను విప్పించి, క్రాంకును సరిచేయించి, మిగిలినదానితో రంగు వేయించవలెను గాని, రంగు వేయించి మిగిలిన చిల్లరతో ఇంజనును ఊరడింపరాదు.

ఈ బండి మన ప్రాంతమునకు పరాయిది కాదు. జావా అను పేరు 1929లో ప్రాగ్ నగరమున పుట్టినది. యానెచెక్ అను యజమాని పేరును, వాండరర్ అను జర్మను సంస్థ పేరును కత్తిరించి అతికిన పేరది. మైసూరు యాదవగిరిలోని ఐడియల్ జావా కర్మాగారమున 1961 నుండి ఆ బండి తయారైనది. 1973లో యెజ్డీ అని పేరు మార్చుకొని, 1996లో కర్మాగారము మూతపడువరకు వెలువడుచునే యుండెను. 2018లో జావా పేరు మరల అంగళ్ళకు వచ్చినది. అయితే అందున్నది నాలుగు స్ట్రోకుల ఇంజను. కాబట్టి ఆ పాత గొంతు వినగోరువారు పాతబండినే మేలుకొలుపవలెను.

మేము చేతులు కాల్చుకొని ఈ మాట చెప్పుచున్నాము. మా ఇంటి బండి పదునెనిమిదేండ్లు వసారాలో నిలిచియుండెను. మూడేండ్ల క్రిందట దానిని ఒక కార్ఖానాకు అప్పగించితిమి. వారు టాంకిని అద్దమువలె చేసిరి. సిలిండరు విప్పి కొత్త రింగులు వేసి, క్రాంకుగది తెరువకయే బిగించి యిచ్చిరి. బండి మొదటి తన్నుకే పలికినది. ఇంటిల్లిపాదియు చప్పట్లు కొట్టిరి. మరునాడు ఉదయము శ్రీరంగపట్టణమునకు బయలుదేరితిమి. సగము దారిలో ఇంజను వేడెక్కి, గొంతు సన్నగిల్లి, వెనుకచక్రము ఒక్కసారిగా బిగిసిపోయెను. క్లచ్చి పట్టుకొనబట్టి పడలేదు. తిరుగుదారిలో దానిని తెచ్చినది ఒక కూరగాయల టెంపో.

ఆ పిదప ఒక వృద్ధ మెకానిక్కు దానిని చూచెను. మిలమిలలాడు టాంకిని నిమిరి, "ఏమి స్వామీ, గుండె చెడితే మొగానికి పౌడరు పూసినారా?" అనెను. ఆ ఒక్క ప్రశ్నకు మావద్ద సమాధానము లేకపోయినది.

రెండు స్ట్రోకుల ఇంజనుకు ఊపిరి సిలిండరులో లేదు. క్రాంకు తిరుగు గదిలోనున్నది. పిస్టను పైకి పోవునప్పుడు ఆ గదిలో వెలితి ఏర్పడి, కార్బురేటరు నుండి పెట్రోలు కలిసిన గాలిని లోనికి లాగుకొనును. పిస్టను దిగునప్పుడు ఆ గాలి నొక్కబడి, ప్రక్కదారుల గుండ సిలిండరులోనికి ఎగబ్రాకును. కనుక ఆ గది బిగువుగా నుండవలెను. దాని బిగువును కాపాడునవి క్రాంకు ఇరుకొనల నుండు రబ్బరు ఆయిల్‌సీళ్ళు. ఏండ్ల తరబడి కదలక యుండిన బండిలో అవి ఎండి గట్టిపడును. డైనమో ప్రక్క సీలు చెడినచో వెలుపలిగాలి దొంగతనముగా లోనికి దూరి మిశ్రమమును పలుచన చేయును. ఇంజను కాగిపోయి పిస్టను పట్టుకొనును. క్లచ్చి ప్రక్క సీలు చెడినచో అచ్చటి నూనెను ఇంజను త్రాగి తెల్లని పొగ క్రక్కును. మా బండికి మొదటి జబ్బు. కొన్ని రూపాయల రబ్బరుముక్క వేల రూపాయల రంగును వెక్కిరించినది.

జబ్బు సీళ్ళతో నిలువలేదు. ఈ ఇంజనుకు వేరుగా నూనె అందదు. పెట్రోలులో కలిపిన నూనెయే లోపలి బేరింగులను తడుపవలెను. బండి నిలిచిపోయినచో చెమ్మ క్రాంకుగది అడుగున చేరి, కనెక్టింగురాడ్డు క్రిందితలలోని రోలరులను తుప్పు పట్టించును. సిలిండరు విప్పినప్పుడు రాడ్డును చేతబట్టి నిలువున పైకి క్రిందికి కదలించి చూడుడు. ప్రక్కలకు కొంచెము ఆడుట సహజము. నిలువున ఏమాత్రము ఆడినను దానిని విడదీయక తప్పదు. మా మొదటి కార్ఖానావారు ఈ అరనిమిషపు పరీక్ష చేయలేదు.

ఈ క్రాంకు ఒకే ముక్కగా పోతపోసినది కాదు. రెండు చక్రములను ఒక పిన్నుపై ఒత్తి కూర్చినది. విడదీయుటకు హైడ్రాలిక్ ప్రెస్సు కావలెను. సుత్తితో విడదీయువాడు దానికి శత్రువు. కొత్త పిన్ను, రోలరులు, రాడ్డు వేసి మరల ఒత్తిన పిమ్మట అసలు పని మొదలగును. లేతుకేంద్రముల నడుమ క్రాంకును నిలిపి, డయలుగేజి ముల్లు ఆనించి, మెల్లగా త్రిప్పుచు, వంకర ఉన్నచోట రాగిసుత్తితో ఒక దెబ్బ, మరల త్రిప్పుట, మరల ఒక దెబ్బ. మిల్లీమీటరులో నూరవ వంతుల లెక్క అది. మా వృద్ధునకు ఒక పూట పట్టినది. ఆ పూటంతయు ఆయన టీ కూడ ముట్టలేదు. పిదప అల్యూమినియము గదిని పొయ్యిపై వెచ్చజేసి, చల్లని బేరింగును అందులో వదలెను; అది తనంతట తానే జారి కూర్చుండినది. మేమైతే సుత్తి తీసికొనియుందుము.

సిలిండరు లోపలికొలత 65 మిల్లీమీటర్లు, పిస్టను నడక 75. అరిగినదానిని పావు మిల్లీమీటరు మెట్టుగా పెంచి బోరింగు చేయుదురు. పిస్టను చేతికి వచ్చిన పిమ్మటనే దాని కొలతకు బోరు చేయించవలెను గాని, బోరు చేయించి పిస్టనుకై వెదకరాదు. ఈ వరుస తప్పి నష్టపడినవారు మాకు తెలిసినవారిలోనే ముగ్గురున్నారు.

ఇంత శ్రమ ఎందుకు, వేరొక ఇంజను దొరికిన తగిలించరాదా యని కొందరు మిత్రులు అడుగుచున్నారు. రిజిస్ట్రేషను పత్రమున ఇంజను సంఖ్య వ్రాసియున్నది. దానిని మార్చినచో రవాణా కార్యాలయమున ఆ మార్పును నమోదు చేయించుకొనవలెను. అంతకు మించి, ఆ సంఖ్య చెక్కిన గదిలోనే తాతగారు పోసిన నూనె మరక యున్నది. లోపలి భాగములన్నియు మార్చవచ్చును. ఆ గదిని పారవేసిన పిమ్మట మిగులునది టాంకి మాత్రమే.

మరి కొందరు 2021లో వచ్చిన పురాతన వాహన నిబంధనలను చూపుచున్నారు. ఏబదియేండ్లు దాటిన బండికి ఇరువదివేల రూపాయలు చెల్లించి వి.ఏ. వరుసలో సంఖ్య పొందవచ్చును. గౌరవమైనదే. కాని అట్టి బండిని ప్రదర్శనకో, ర్యాలీకో, పరిశోధనకో తప్ప నిత్యపు రాకపోకలకు వాడరాదు. పూర్తిగా శిథిలమైనదానికి అది తగును. నడువగల బండికి సాధారణ రిజిస్ట్రేషనును ఐదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనుటయే మేలని మాకు తోచుచున్నది. రెండు స్ట్రోకుల బండి పొగ విడుచును. కాలని పెట్రోలును కొంత గాలిపాలు చేయును. అది నిజము. కావుననే దానిని ప్రతిదినము సంతకు తోలుడని మేము చెప్పుట లేదు. ఆదివారమునాడు ఊరి వెలుపలి వరకు చాలును.

ఒక్క హెచ్చరిక. నేడు బంకులలో పోయుచున్న పెట్రోలులో ఐదవవంతు ఇథనాలు కలియుచున్నది. అది చెమ్మను పీల్చును, పాతకాలపు రబ్బరును మెత్తబరచి చెరచును, మిశ్రమమును కొంత పలుచన చేయును. నెలల తరబడి బండిని నిలుపదలచినచో టాంకిని, కార్బురేటరును వట్టిపోయించి నిలుపుడు. కార్బురేటరు జెట్టును ఒక మెట్టు పెంచుటకు వెనుదీయకుడు.

మా బండి ఇప్పుడు నాలుగువందల కిలోమీటర్లు నడిచినది. ఇరువది పాళ్ళ పెట్రోలుకు ఒక పాలు నూనె పోయుచున్నాము. వేయి నిండిన పిమ్మట పాతికకు ఒకటి చేయుదుము. శ్రీరంగపట్టణము వంతెనను రెండుమార్లు దాటితిమి. మా అన్నగారి కుమారుడు శనివారములయందు ఆ వృద్ధుని అంగడికి పోయి డయలుగేజి చదువుట నేర్చుకొనుచున్నాడు. టాంకిమీద పడిన గీత అట్లే యున్నది. దానికి రంగు వేయించుటకు ఇంకను తీరిక దొరకలేదు.