చలికాలంలో కారుకు మైనపు పూత

ఉత్తరాది ప్రాజెక్టులకు బదిలీపై వచ్చిన తెలుగు కుటుంబాలు మొదటి సంవత్సరం స్వెటర్లను, రజాయిలను, గీజర్లను గురించి విచారిస్తాయి. రెండవ సంవత్సరం కారు వంతు వస్తుంది. "రామగుండంలో పాలిష్ వేస్తే చక్కగా మెరిసేది, ఇక్కడ వేస్తే మచ్చలు కడుతున్నదేమి?" అని ఇటీవల ఒక సోదరి మమ్ములను అడిగారు. ఈ ప్రశ్నకు సమాధానం మేము చేతులు కాల్చుకుని, సరిగా చెప్పాలంటే చేతులు గడ్డకట్టించుకుని, నేర్చుకున్నదే.

2015 జనవరిలో మేము సింగ్రౌలి ప్రాంతపు ఒక టౌన్‌షిప్‌లో ఉన్నాము. మా నాన్నగారు మొదటిసారిగా మా ఇంటికి వస్తున్నారు. స్టేషనుకు వెళ్లే కారు కళకళలాడాలన్న ఉబలాటంతో ఉదయం ఆరు గంటలకే మైనపు డబ్బా తెరిచాము. మైనం గట్టిపడి ఉంది. బలవంతంగా రుద్దాము. పది నిమిషాలకు తెల్లగా ఆరిపోవలసిన పూత అరగంట గడిచినా జిడ్డుగానే ఉంది. తుడిస్తే చారలు పడ్డాయి. ఇంకా గట్టిగా తుడిస్తే చారలు చుట్టలు తిరిగాయి. ఎండ వచ్చాక స్టేషను బయట కారును చూసి నాన్నగారు "దీనికేమన్నా శోభి మచ్చలా?" అని అడిగారు. ముప్ఫై ఏళ్ల ఇంజనీరింగు అనుభవం అక్కడ మాకు అక్కరకు రాలేదు.

కారణం సులభమైనదే. మైనం డబ్బాలో మైనంతో పాటు దానిని మెత్తగా ఉంచే ద్రావణి ఉంటుంది. ఆ ద్రావణి ఆవిరైతేనే మైనం పలుచని పొరగా నిలుస్తుంది. చలిలో ఆవిరి కావడం మందగిస్తుంది. మేలు రకాలలో వాడే కార్నోబా మైనం బ్రెజిల్ దేశపు ఒక తాళజాతి వృక్షపు ఆకుల నుండి లభిస్తుంది. దాని ద్రవీభవన స్థానం 80 డిగ్రీల సెల్సియస్‌కు పైమాటే కనుక చలికి అది మరింత బిరుసెక్కుతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి మంచు. నిర్మలమైన రాత్రులలో కారు పైకప్పు తన వేడిని ఆకాశానికి విడిచిపెట్టి చుట్టూ ఉన్న గాలికంటె చల్లబడుతుంది. గాలిలోని తేమ ఆ రేకుపై కంటికి సరిగా కనిపించనంత సన్నని నీటిపొరగా దిగుతుంది. ఆ నీటిపై మైనం పట్టదు. గాలి 10 డిగ్రీలున్న ఒక ఉదయం మా బానెట్ 7 డిగ్రీలు చూపింది. (ఆ థర్మామీటరు మా సొంత డబ్బుతో కొన్నది. స్టోర్సు విభాగపు మిత్రులు కలత చెందనవసరం లేదు.)

థర్మల్ కేంద్రాల సమీపాన నివసించే మనకు బూడిద బెడద అదనం. బొగ్గు బూడిదలో అధికభాగం సిలికా, అల్యూమినాలే. ఇవి కారు రంగుకంటె కఠినమైనవి. రంగుపై మెరుపునిచ్చే పారదర్శకపు పూత మందం సుమారు 40, 50 మైక్రాన్లు. అంటే తలవెంట్రుక మందం కూడా ఉండదు. పొడిబట్టతో బూడిదను తుడవడమంటే ఆ పూతను గరుకు కాగితంతో రుద్దడమే.

ఈ గీతల విషయమై మేము మా వీధి కార్లు తుడిచే మనిషిని ఒకనాడు కోప్పడ్డాము. ఒక్క బకెట్ నీళ్లతో, ఒకే గుడ్డతో ఐదు కార్లు తుడుస్తున్నాడని మా అభియోగం. అతడు ఎదురు చెప్పలేదు. చేతులు చూపాడు. వేళ్ల కణుపుల వద్ద చర్మం పగిలి నెత్తురు కనిపిస్తున్నది. తెల్లవారుజామున ఐదింటికి కుళాయి నీళ్లలో గుడ్డను మాటిమాటికి జాడించి పిండడం ఆ చేతులకు సాధ్యం కాదు. ఐదింటికి రమ్మన్నది ఎవరు? ఎనిమిదింటికి ఆఫీసుకు కారు శుభ్రంగా ఉండాలన్న మేమే. ఆ తప్పు మాది.

అప్పటి నుండి మా ఇంట చలికాలపు నెలల్లో కారు కడగడం వారానికొకసారి, పదిన్నర తరువాతనే. జీతం తగ్గించలేదు. మా శ్రీమతి గోరువెచ్చని నీళ్లు రెండు బకెట్లు ఇస్తుంది. ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడించడానికి. ముందు నీళ్లు ధారగా పోసి బూడిదను పోగొట్టి, ఆ తరువాతనే గుడ్డ తాకించాలి. ఇరుగుపొరుగులో మూడు ఇళ్లవారు ఈ పద్ధతికి వచ్చారు. ఇద్దరు రాలేదు. మురికి కారులో ఆఫీసుకు ఎలా వెళ్లేదని వారి వాదం.

మైనం వేయదలచిన రోజున కారును కాసేపు ఎండలో ఉంచి, రేకు చలి వదిలాక నీడకు మార్చుకోవాలి. తలుపుల సందుల్లోని నీటిని సైతం తుడవాలి. లేకుంటే అది నిదానంగా కారి చారలు కడుతుంది. డబ్బాను ముందు రాత్రి ఇంట్లోనే ఉంచుకోవాలి. ఎట్టి పరిస్థితులలోను పొయ్యిపైన, హీటరు దగ్గర వేడిచేయరాదు. ద్రావణి అంటుకునే గుణం కలది. పూత ఎంత పలుచగా ఉంటే అంత మేలు. బానెట్ ముగించిన తరువాతనే తలుపు. వేలితో గీచి చూస్తే జిడ్డు సాగకుండా పొడిగా రావాలి. చలిలో ఇందుకు పదిహేను, ఇరవై నిమిషాలైనా పట్టవచ్చు. మూడు గంటలకల్లా పని ముగించుకోవాలి. కార్తీకమాసంలోనే వేసుకోగలిగితే ఈ తిప్పలు చాలావరకు ఉండవు.

హిమాచల్, ఉత్తరాఖండ్ కొండలలో పనిచేసే మిత్రులకు ఒక మాట. అద్దంపై మంచు పేరుకుంటే మరిగే నీళ్లు పోయకండి, అద్దం పగలవచ్చు. తలుపుల రబ్బరుకు కొద్దిగా గ్లిసరిన్ రాస్తే గడ్డకట్టి అతుక్కోదు. ఆ సీసానే మేము కార్లు తుడిచే మనిషి చేతులకూ ఇస్తున్నాము.

ఇప్పుడు మైనం వేసేది అతడే. మొన్న జనవరిలో పదకొండింటికి మేము డబ్బాతో బయటికి వస్తే, అరచేతిని తిప్పి బానెట్‌పై ఆనించి, "అభీ నహీ, సాబ్" అన్నాడు. థర్మామీటరు పెట్టి చూశాము. 9 డిగ్రీలు. డబ్బా మూత పెట్టి, టీ తాగడానికి లోపలికి వెళ్లాము.