ట్రాలీలో పడుకునేటోనికి చలి పెట్టదా?

రైతన్నలారా, ఒక మాట మీద నాకు చానా రోజులుగా కోపం ఉంది. "రైతుకు చలేంది, ఎండేంది, అన్నీ అలవాటే" అనే మాట. బయటోళ్లు అంటే తెలియక అన్నరు అనుకోవచ్చు. మనమే మీసం తిప్పుకుంటూ అంటున్నం చూడు, అక్కడ కాలుతది.

2020 నవంబర్ 26 తర్వాత సింఘు, టిక్రీ, ఘాజీపూర్ సరిహద్దుల్లో ఉత్తరాది రైతులు ట్రాక్టర్ ట్రాలీలనే ఇండ్లు చేసుకుని ఏడాదికి పైగా ఉన్నారు. 2021 జనవరి 1 తెల్లారుజామున ఢిల్లీలో 1.1 డిగ్రీలు. ఆ వెంటనే వానలు. చట్టాల మీద ఎవరి అభిప్రాయం వాళ్లది, నేను ట్రాలీ గురించి చెప్తున్న. వాళ్లు కట్టెలతో నడిచే దేశీ గీజరు పెట్టుకుంటే, కాళ్లు పిసికే మిషన్ తెచ్చుకుంటే ఎగతాళి చేసినోళ్లు ఉన్నరు. రైతు వణికితేనే రైతట, వెచ్చగ ఉంటే దొంగ రైతట!

నిజానికి వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది. ట్రాలీ అడుగు ఇనుము. పైన ఎన్ని రగ్గులు కప్పినా కింది నుంచి ఒంట్ల వేడిని అది గుంజుకుంటనే ఉంటది. అందుకే వాళ్లు ముందు వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద పరుపు వేసుకున్నరు. గడ్డి పోచల మధ్య నిలిచిన గాలే వెచ్చదనం. గడ్డి అణిగిపోతే మళ్లీ దులిపి లేపాలి, తడిస్తే పారేసి కొత్తది వేయాలి. మనోళ్లు ఏం చేస్తరు? ఉన్న ఒక్క దుప్పటి పైన కప్పుకుని, కింద ఖాళీ యూరియా బస్తా వేసుకుంటరు. తెల్లారి నడుము పట్టేసిందని గోలీలు!

టార్పాలిన్ నాలుగు దిక్కులా బిగించి కట్టడం ఇంకో తెలివి తక్కువ పని. మన ఊపిరిలోని తేమ లోపల చెమ్మై పట్టి రగ్గుల మీద కారుతది. తడి రగ్గు ఉన్నా లేనట్టే. రెండు కొసలా జానెడు సందు వదలాలి.

ఇగ కుంపటి సంగతి. దీని మీద మెత్తగా మాట్లాడను. మూసిన ట్రాలీలో, మూసిన గుడిసెలో నిప్పుల కుంపటి పెట్టుకుని పడుకుంటే లేవరు. ఉత్తరాదిన ప్రతి చలికాలం ఇట్ల పోతనే ఉన్నరు. "పొగ లేదు కదా, ఉత్త నిప్పులే" అంటరు. ఆ నిప్పుల నుంచే కార్బన్ మోనాక్సైడ్ వస్తది, దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, వికారం, మత్తు వస్తే చలిజ్వరమేమో అనుకుని ఇంకా ముసుగు తన్నుతరు. అట్ల అనిపిస్తే వెంటనే బయటికి రండి, పక్కనోన్ని కూడా గుంజుకు రండి. మంట బయట వేసుకోండి, దాని మీద నీళ్లు కాచుకుని సీసాలో పోసి గుడ్డ చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకోండి. క్వార్టర్ తాగితే చలి పోతదనేటోళ్లకు ఒకటే మాట: తాగితే ఒంట్ల వేడి చర్మం మీదికొచ్చి బయటికే పోతది.

ఇదంతా ఢిల్లీ ముచ్చట కాదు. ఆదిలాబాద్ దిక్కు డిసెంబర్, జనవరిలో 6, 7 డిగ్రీలకు పడే రాత్రులుంటయ్. అదే కాలంలో పత్తి బండ్లు యార్డు గేటు ముందు రాత్రంతా లైన్లో ఉంటయ్. పత్తి మీద పడుకుంటే వెచ్చగనే ఉంటది, కానీ ఒక్క బీడీ నిప్పు చాలు. అందుకని కొందరు ట్రాలీ కింద పడుకుంటరు. లైను ముందుకు కదిలితే? వడ్ల కేంద్రాల దగ్గర కూడా ఇంతే, కుప్ప పక్కనే కాపలా. పత్తిలో తేమ 8 నుంచి 12 శాతమా, వడ్లలో 17 దాటిందా అని చూసే మిషన్ ఉంది. ఆ మంచులో పడుకున్నోన్ని చూసే దిక్కు లేదు.

మన సరుకు మీదనే మార్కెట్ ఫీజు వసూలైతది. కాబట్టి ఇది ధర్మం అడగడం కాదు. ఈ సీజన్‌లో లైన్లో ఉన్నోళ్లు పదిమంది కలిసి మార్కెట్ కార్యదర్శికి కాగితం రాసియ్యండి: గేటు దగ్గర గోడలున్న షెడ్డు ఒకటి, వేడినీళ్లు, మరుగుదొడ్డి, ఏ బండి ఏ గంటకు రావాలో టోకెన్. టోకెన్ సక్కగ ఇస్తే సగం మంది రాత్రి ఇంట్లనే పడుకుంటరు. కాగితం తీసుకున్నట్టు ముద్ర వేయించుకుని, ఫోటో కింద కామెంట్లో పెట్టండి.