మూగగంట

2020 ఆగస్టు 9వ తేదీ ఆదివారము తెల్లవారుజామున విజయవాడ స్వర్ణా ప్యాలెస్ హోటలులో మంటలు చెలరేగి పదిమంది ప్రాణములు కోల్పోయిరి. ఆ హోటలు అప్పుడు కోవిడ్ రోగులకు చికిత్సాకేంద్రముగ నుండెను. వ్యాధినుండి బ్రతికి బయటపడవచ్చునని చేరినవారు పొగకు బలియైరి. ప్రమాదసమయమున అగ్నిసూచక గంట మ్రోగలేదనియు, వెనుకవైపు తలుపులు తెరచుకొనలేదనియు, భవనమునకు నిరభ్యంతరపత్రమే లేదనియు అగ్నిమాపకశాఖాధికారులు ప్రకటించిరి. ఎప్పుడు? శవములు వెలికివచ్చిన పిమ్మట! 1999 నాటి అగ్నిమాపక సేవల చట్టము అంతవరకు ఏ బీరువాలో నిద్రించుచుండెను?

నూజివీటికి ఆ నగరము యాభై కిలోమీటర్ల లోపుననే యున్నది. మన బంగినపల్లి, మన రసాలు లారీలకెక్కి నున్న మార్కెట్టునకు పోవునది ఆ వైపుననే. అయినను ఆ వార్తను పఠనమందిరములో చదివి, అయ్యో యని, పత్రికను మడిచిపెట్టితిమి. మన ఊరి కల్యాణమండపములో, వసతిగృహములో, ఆసుపత్రిలో గంట మ్రోగునో లేదో అడిగినవారెందరు?

అడుగుటకు ముందు ఆ యంత్రమేమో తెలియవలెను. గోడమీది ఎర్రగంట దానికి నోరు మాత్రమే. కన్ను పైకప్పున నుండును. గుండ్రని ఆ చిన్న బిళ్ళలో చీకటిగది యొకటి కలదు. అందు ఒక కాంతికిరణము, దానికెదురుగా గాక ప్రక్కగా ఒక గ్రాహకము ఉండును. గాలి నిర్మలముగ నున్నంతసేపు వెలుగు గ్రాహకముపై పడదు. పొగ చొచ్చినంతనే దాని రేణువులకు తగిలి వెలుగు చెదరి గ్రాహకమును తాకును, వెంటనే వార్త తీగెలవెంట నియంత్రణపెట్టెకు పోవును, గంటలు మ్రోగును. వంటయింటివంటి చోట్ల పొగకన్నునకు బదులు వేడిమి నెరుగు బిళ్ళ నమర్చవలెను. కరెంటు పోయినను పనిచేయుటకు పెట్టెలో బ్యాటరీలుండును.

దీనియందలి గొప్ప నేర్పు మరియొకటి. తీగెల కొసను చిన్న నిరోధకము నొకదానిని బిగింతురు. దానిగుండ స్వల్పవిద్యుత్తు రేయింబవళ్ళు ప్రవహించుచుండును. తీగె తెగినచో ప్రవాహమాగును. పెట్టెపై లోపసూచక దీపము వెలిగి, సన్నని కూత వినవచ్చును. అనగా ఆ యంత్రము తన రోగమును తానే చెప్పుకొనును! మనవారేమి చేయుదురు? కూత విసుగు పుట్టించుచున్నదని మీట నొక్కి నోరు మూయింతురు. దీపము నెలలకొలది వెలుగుచునే యుండును. దీనిని అజ్ఞానమందుమా? చెప్పగా వినక చేసినది అజ్ఞానమెట్లగును?

"ఊరక మ్రోగి అతిథులను బెదరగొట్టును" అని యజమానులు సాకు చెప్పుదురు. ఊరక మ్రోగుటకు కారణములు గలవు: చీకటిగదిలో దుమ్ము, దూరిన పురుగు, స్నానపుగది ఆవిరి, తగనిచోట బిగించిన బిళ్ళ. తుడిపింపుడు, చోటు మార్పింపుడు. కొమ్మ కదలినప్పుడెల్ల కేకవేయుచున్నాడని తోటకాపరి నోట గుడ్డలు క్రుక్కు కౌలుదారు నెందైన కంటిమా? మామిడికాయకున్న విలువ మనిషికి లేకపోయెనా? ఖర్చు అందురేని, మండపము ముంగిటి దీపతోరణములకు లేని లేమి దీనికేల వచ్చినదో?

సికిందరాబాదున 2022 సెప్టెంబరు 12వ తేదీన రూబీ హోటలులో ఎనమండుగురు మరణించిరి. మంట పుట్టినది క్రిందనున్న ఎలక్ట్రిక్ స్కూటర్ల దుకాణములో. చంపినది మెట్లదారిన పైకెక్కిన పొగ. పొగ మెట్లను పట్టుకొనుటకు పూర్వమే గంట మ్రోగవలెను. ఆ కొద్ది నిమిషములే బ్రతుకు. బోస్టను నగరమున 1852లోనే తంతితీగెలతో అగ్నివార్త నంపు ఏర్పాటు జరిగినది. విద్య క్రొత్తది కాదు, సిగ్గు లేకుండుటయే క్రొత్తది.

మన ప్యాకింగు షెడ్లమాట వేరు. వరిగడ్డి, అట్టపెట్టెలు పేర్చిన చోటనే కూలివారు నిదురింతురు. నాలుగువైపుల తెరచియున్న షెడ్డులో పొగ గాలికి చెదరిపోవును గనుక పైకప్పు కన్నును నమ్మరాదు. అచ్చట అద్దము నొక్కి మ్రోగించు ఎర్రపెట్టెలును, మేలుకొనియుండు రాత్రికాపరియు కావలెను. కాపరికి జీతమీయక, గడ్డిప్రక్కన కూలివానిని పరుండబెట్టుట వ్యాపారమా?

అధికారులకొక మాట. బిళ్ళలను లెక్కపెట్టి సంతకము చేయుట తనిఖీ కాదు. బిళ్ళకు పరీక్షపొగ చూపుడు, కరెంటు తీసి గంట వినుడు, వెనుకతలుపు తాళములేకుండ తెరచుకొనునో చూడుడు. చూచినదానిని తేదీతో ద్వారముకడ అంటింపుడు. ట్రిపుల్ ఐటీలో వేలకొలది బిడ్డలు నిదురించు ఊరు మనది. మీ వసతిగృహపు గంటను కడపట ఎప్పుడు పరీక్షించిరని తలిదండ్రులు నిర్భయముగ అడుగవలెను.

పౌరులారా! పెండ్లికి మండపము కుదుర్చుకొనునప్పుడు భోజనశాలను, వాహనములు నిలుపు చోటును చూచెదరు గదా. గంట నొకమారు మ్రోగించి వినిపింపుమనుడు. మ్రోగని మండపమునకు బయానా ఈయకుడు.