సీసం కోసం విప్పితే

2008 అక్టోబరులో ఫ్రాన్స్‌లో కొన్ని లిఫ్టుల బటన్లు పీకేయాల్సి వచ్చింది. వాటి ఉక్కులో రేడియోధార్మిక కోబాల్ట్-60 కలిసి ఉంది. ఆ బటన్లు బిగించే ఫ్యాక్టరీలో కొంతమంది కార్మికులకు, మామూలు మనిషికి ఏడాదికి అనుమతించే మోతాదుకు మించి రేడియేషన్ తగిలింది. ఆ ఉక్కు మన దేశంలో పోతపోసిందే. కోబాల్ట్ తుక్కు ఇనుములో కలిసి కొలిమి దాకా వెళ్లిందంటే, దారిలో ఒక్కరూ దాన్ని గుర్తుపట్టలేదన్నమాట.

రేడియోధార్మికత అనగానే మనకు చెర్నోబిల్, ఫుకుషిమా గుర్తొస్తాయి. ఇక్కడైతే తుమ్మలపల్లె యురేనియం గని, కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రం. వాటి గురించి అడగాల్సింది చాలానే ఉంది, అడుగుతూనే ఉండాలి. కానీ నన్ను ఎక్కువగా కలవరపెట్టేది పాత ఇనుము కొట్టు. అక్కడ ప్రాణాలు పోయినా నాలుగు రోజుల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఢిల్లీ విశ్వవిద్యాలయం కెమిస్ట్రీ విభాగం 1968లో కెనడా నుంచి గామాసెల్ అనే యంత్రం తెప్పించింది. పరిశోధన కోసం పదార్థాల మీద గామా కిరణాలు పంపే యంత్రం అది. నడుమ కోబాల్ట్-60 కడ్డీలు, చుట్టూ మందపాటి సీసం పోత. 1985 తర్వాత దాన్ని వాడినవాళ్లు లేరు. పాతికేళ్లు అలాగే పడి ఉంది. 2010 ఫిబ్రవరిలో పనికిరాని సామాన్లతో పాటు దాన్నీ వేలం వేశారు. పాట పాడినవాళ్లు ఢిల్లీలోని మాయాపురి తుక్కు బజారుకు తోలుకెళ్లి, పనివాళ్లతో విప్పించారు.

తుక్కు బేరంలో ఇనుము కన్నా సీసానికి ధర ఎక్కువ. ఇంతకన్నా దారుణమైన ముడి నాకు మరొకటి కనిపించదు. మనుషుల్ని కాపాడటానికి పోసిన సీసమే ఆ యంత్రంలో డబ్బొచ్చే సరుకైంది. దాన్ని ఒలిస్తేనే కూలి గిట్టుతుంది. ఒలిస్తే లోపలిది బయటపడుతుంది.

కోబాల్ట్-60 సుమారు ఐదేళ్ల మూడు నెలలకోసారి సగమవుతుంది. 1968 నుంచి లెక్కేస్తే ఎనిమిదిసార్లు సగమైంది. అంటే తొలినాటి బలంలో 256 పాళ్లకు ఒక పాలు మిగిలిందన్నమాట. ఆ ఒక్క పాలు చాలింది. గామా కిరణాల వేడి తెలియదు, వాటికి వాసన ఉండదు, కంటికి కనబడవు. మోతాదు ఎక్కువైతే ముందు వాంతులవుతాయి. తిన్నది పడలేదనుకుంటారు. తర్వాత కొన్నాళ్లు నెమ్మదిస్తుంది. ఆ నెమ్మదిలోనే ఎముకల్లోని మూలుగ చచ్చిపోతుంటుంది. మాయాపురిలో ఒక కొట్టు యజమానికి చర్మం నల్లబడి, జుట్టు ఊడిపోయేసరికి గానీ వైద్యులకు అనుమానం రాలేదు. మరొకాయన ఓ ముక్కను పర్సులో పెట్టుకుని తిరిగాడు. పర్సు ఆనిన చోట పిరుదు మీద చర్మం పుండుపడింది.

ఏప్రిల్ 7న అణుశక్తి నియంత్రణ మండలికి కబురందింది. నిపుణులు మీటర్లు పట్టుకుని సందు సందూ గాలించి, దొరికిన ముక్కల్ని సీసంలో మూసి, నరోరా అణు విద్యుత్ కేంద్రానికి తరలించారు. ఏప్రిల్ 26న ఎయిమ్స్‌లో 35 ఏళ్ల కార్మికుడు చనిపోయాడు.

అతనికి ఏం తెలుస్తుంది? తెలిసి ఉండాల్సినవాళ్లు ఆ యంత్రాన్ని అమ్మినవాళ్లు. కోబాల్ట్-60 అంటే ఏమిటో పాఠం చెప్పేవాళ్లు. రేడియోధార్మిక వ్యర్థాలను ఎలా వదిలించుకోవాలో 1987 నుంచే మన దేశంలో చట్టబద్ధమైన నియమాలున్నాయి. నియంత్రణ మండలి పుట్టిందే 1983లో. యంత్రం దానికన్నా పదిహేనేళ్లు పెద్దది. నా భయమంతా ఆ పదిహేనేళ్ల గురించే. మండలి పుట్టకముందు దేశంలోకి వచ్చి, వాడినవాళ్లు రిటైరయ్యాక బీరువాల వెనక్కి చేరిన పెట్టెల సంగతి కాగితాలను నమ్ముకుంటే తేలదు.

ఇది మన ఒక్కరి నిర్లక్ష్యమూ కాదు. 1983 చివర్లో మెక్సికోలోని హువారెజ్‌లో క్యాన్సర్ చికిత్స యంత్రమొకటి ఇలాగే తుక్కు కొట్టుకు చేరింది. దాని కోబాల్ట్ ఉక్కులో కరిగి, ఇళ్లకు వేసే ఊచలుగా, బల్లల కాళ్లుగా సరిహద్దు దాటింది. ఊచల లారీ ఒకటి అమెరికాలో లాస్ అలమోస్ అణు ప్రయోగశాల దగ్గర దారి తప్పి, అక్కడి రేడియేషన్ పరికరం మోగబట్టి సంగతి బయటపడింది. మెక్సికోలో ఆ ఊచలతో కట్టిన ఇళ్లను వందల్లో పడగొట్టారు.

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గోయానియాలో జరిగింది చదివినప్పుడల్లా నాకు గుండె బరువెక్కుతుంది. చికిత్సా కేంద్రం ఖాళీ చేసి వెళ్లిపోయినవాళ్లు సీజియం యంత్రాన్ని పాత భవనంలోనే వదిలేశారు. ఇద్దరు దాన్ని ఊడదీసి తుక్కు కొట్టుకు అమ్మారు. లోపలి పొడి చీకట్లో నీలంగా వెలుగుతుంటే కొట్టు యజమాని ముచ్చటపడి చుట్టపక్కాలకు పంచాడు. ఆరేళ్ల పాప దాన్ని ఒంటికి పూసుకుంది, ఆ చేతులతోనే తింది. ఇంటిల్లిపాదికీ జబ్బు చేస్తుంటే కొట్టు యజమాని భార్య ఒక్కతే ఆ జబ్బుకూ పొడికీ ముడిపెట్టింది. మిగిలిన లోహం ముక్కను సంచిలో వేయించుకుని, పనివాణ్ని తోడు తీసుకుని, సిటీ బస్సెక్కి ఆరోగ్య శాఖ ఆఫీసుకు చేర్చింది. ఫిజిక్స్ చదువుకోని ఆమె చేసిన పని, చదువుకున్న ఆ కేంద్రం నిర్వాహకులు రెండేళ్లుగా చేయలేదు. అక్టోబరు 23న ఆమె, ఆ పాప ఇద్దరూ పోయారు. మొత్తం నలుగురు చనిపోయారు. స్టేడియంలో నిలబెట్టి లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించారు.

క్యాన్సర్ ఆసుపత్రులు కోబాల్ట్ యంత్రాలు తీసేసి కొత్తవి పెట్టుకుంటున్నాయి. పైపుల వెల్డింగ్ అతుకులు పరీక్షించేవాళ్ల దగ్గర ఇరిడియం ఉంటుంది. ఇవేవీ మానేయమనను, వాటి వల్ల బతికినవాళ్లు లెక్కలేనంతమంది. అయితే యంత్రం కొన్న రోజే, పని అయిపోయాక దాన్ని సురక్షితంగా వెనక్కి పంపే ఖర్చు కూడా డిపాజిట్‌గా కట్టించుకోవాలి. మూతపడిన ఆసుపత్రి ఆ ఖర్చు పెట్టుకోదు. సామాన్ల జాబితా మీద సంతకం చేసే గుమాస్తా, ప్రతి పెట్టె చుట్టూ మీటరు తిప్పారో లేదో రాసిన కాగితం లేనిదే వేలానికి పంపకూడదు.

2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ కొత్త హెచ్చరిక గుర్తు తెచ్చింది. పసుపు మీద నల్ల రెక్కల పాత గుర్తు చాలామందికి అర్థం కావడం లేదని, కొత్తదాన్ని మన దేశంతో సహా పదకొండు దేశాల్లో జనానికి చూపించి పరీక్షించాకే ఖరారు చేశారు. ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పారిపోతున్న మనిషి. దాన్ని యంత్రం పైన కనబడేలా అతికించరు. విప్పబోయే మనిషికి మాత్రమే కనబడేలా లోపలి మూత మీద వేస్తారు. అక్షరం రాని కార్మికుణ్ని తలచుకుని చేసిన పని అది. కానీ 1968 నాటి యంత్రాల మీద ఆ గుర్తు ఎక్కడి నుంచి వస్తుంది? పాత ప్రయోగశాలల, ఆసుపత్రుల స్టోర్ గదుల్లోకి నియంత్రణ మండలి మనుషులే మీటర్లతో వెళ్లి వెతికి అతికించాలి. అదే బొమ్మను, కింద తెలుగులో, హిందీలో హెచ్చరికతో, ఫోన్ నంబరుతో, మన తుక్కు కొట్ల గోడల మీద వేయించాలి.