కర్ర నీకే, కూలి లేదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పర్యావరణవేత్తని కాదు. జావాలో కోడు రాసుకుని బతికే మామూలు ఇంజనీర్ని. ఇరవై ఎనిమిదేళ్ళొచ్చినా మొన్నమొన్నటిదాకా చెట్టు గురించి నాకు తెలిసిందల్లా ఎండాకాలం దాని కింద మంచం వేసుకోవచ్చనే. కాబట్టి "నీకేం తెలుసని రాస్తున్నావ్" అనబోయే పెద్దలు కొంచెం ఆగి, నేను చేసిన నిర్వాకం కూడా చదివి అప్పుడు తిట్టండి. తిట్టించుకోవాల్సిన పనే చేశాను.

మాది చిలకలూరిపేటకీ పర్చూరుకీ మధ్య ఓ ఊరు. నల్లరేగడి నేల. పత్తి, మిరప, శనగ. మార్చిలో బస్సు దిగి చూస్తే ఎర్రగా మిరపకళ్ళాలు, మిగతాదంతా నెర్రెలిచ్చిన నల్లమట్టి. మధ్యలో ఎక్కడో ఓ తుమ్మ, గట్టు మీద రెండు తాళ్ళు. అంతే. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళే రోడ్డు ఇంకా చిన్నదిగా ఉన్న రోజుల్లో అటూ ఇటూ చింతచెట్లు ఉండేవనీ, బస్సు చెడిపోతే జనం వాటికింద కూర్చునేవాళ్ళనీ నాన్న చెప్తుంటాడు. నాకు ఊహ తెలిసేసరికే అది నాలుగు వరసల రోడ్డు. నేను చూసిందల్లా డివైడరు మీద గన్నేరు మొక్కలే.

ఇలాంటి చోట మా దొడ్లో ఒక వేపచెట్టు. తాతయ్య నాటింది. 2021 చివర్లో రెండు రాష్ట్రాల్లోనూ వేపచెట్లు కొసల నుంచి మాడిపోవడం మీకు గుర్తుండే ఉంటుంది. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే టీ దోమ, రెండూ కలిసి చేసిన పని అది. అదే ఏడాది మా వైపు మిరపని నల్ల తామర పురుగు ఊడ్చేస్తుంటే వేపచెట్టు గురించి ఆలోచించే ఓపిక ఎవరికుంది! చాలామంది చచ్చిపోయిందనుకుని కొట్టించేసుకున్నారు. మేం కొట్టించలేదు. చెట్టు మీద ప్రేమతో కాదు, బద్ధకంతో. తర్వాతి ఎండాకాలానికి మళ్ళీ చిగిర్చింది. మా ఇంట్లో ఆ చెట్టుకి జరిగిన అత్యుత్తమ సేవ ఆ బద్ధకమే.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చేలో మిరప పడుకుంది. చెట్టు మాత్రం నిలబడింది, ఒక్క కొమ్మ విరిగి రేకుల మీద పడింది. నాన్న భయపడి ఫోన్ చేశాడు. నేను హైదరాబాదులో రెండు మీటింగుల మధ్య ఐదు నిమిషాల ఖాళీలో ఉన్నాను. "తల కొట్టించెయ్ నాన్నా, పీడా పోతుంది" అన్నాను. ఇరవై సెకన్లలో తేల్చేశాను. ప్రొడక్షన్ సర్వరు మీద ఒక్క లైను మార్చాలంటే ముగ్గురి అనుమతి అడిగే మనిషిని!

చెట్లు కొట్టే ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. ఆయనతో బేరం మా జిల్లాలో అందరూ చేసే బేరమే: కర్ర నీకే, కూలి లేదు. ఓ నిచ్చెన, గొడ్డలి, అద్దెకి తెచ్చిన కోత మిషను. నడుముకి తాడు లేదు, నెత్తిన హెల్మెట్టు లేదు, కాళ్ళకి హవాయి చెప్పులు. పెద్ద కొమ్మని పైనుంచే కోశాడు. సగం తెగేసరికి కొమ్మ దాని బరువుకి అదే కిందికి వంగి, పట్ట కాండం దాకా చీరుకుపోయి, ఊగి వచ్చి నిచ్చెనకి కొట్టింది. పన్నెండడుగుల ఎత్తు నుంచి పడ్డాడు. తొంటి ఎముక విరిగింది.

నేను ఫోన్‌పేలో ఇరవై వేలు వేశాను. వేసి, చాలా మంచిపని చేసినట్టు ఫీలయ్యాను కూడా. ఆయన మళ్ళీ చెట్టెక్కలేదు. ఇప్పుడు మిరపకళ్ళాల దగ్గర రాత్రి కాపలా ఉంటాడు.

మిగిలిన సగం చెట్టుని ఇంకొకతనొచ్చి మోడు చేసి కర్ర పట్టుకెళ్ళాడు. నాలుగు నెలలకి ఆ మోడు నిండా గుబురుగా చిగుళ్ళు. "చూశావా, ఎంత పచ్చగా వచ్చిందో" అని ఇంటికొచ్చినవాళ్ళంతా మెచ్చుకున్నారు. 2025 మేలో ఒక మామూలు గాలివానకి అందులో రెండు కొమ్మలు వేళ్ళతో పీకినట్టు ఊడొచ్చి మళ్ళీ అవే రేకుల మీద పడ్డాయి. తుఫానుకి నిలబడ్డ చెట్టు గాలివానకి ఎందుకు విరిగిందో అని అప్పుడు చదవడం మొదలెట్టాను.

చదివాక సిగ్గేసింది. అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అని ఒకాయన ఉండేవాడు. పుస్తకాల్లో రాసింది నమ్మకుండా కోత మిషను పట్టుకుని వేల చెట్లని నిలువునా చీల్చి లోపల ఏం జరుగుతోందో చూశాడు. 1970ల్లో ఆయన తేల్చింది ఏంటంటే, చెట్టుకి గాయం మానదు. మన చర్మంలాగా పాత కణాలు పోయి కొత్తవి రావు. దెబ్బతిన్న చోటు చుట్టూ గోడలు కట్టి, ఆ భాగాన్ని వదిలేసి, దాని మీదుగా కొత్త కర్ర పెంచుకుంటుంది. మన భాషలో చెప్పాలంటే వైరసున్న ఫైలుని డిలీట్ చెయ్యలేదు, క్వారంటైన్లో పెట్టగలదంతే. కొమ్మ కాండంలో కలిసేచోట చొక్కా కాలరులా కాస్త ఉబ్బుగా ఉంటుంది చూడండి, ఆ గోడ బాగా కట్టగలిగేది అక్కడే. కాలరుకి ఆనుకుని బయట కోస్తే గాయం మూతపడుతుంది. కాలరుని కూడా చెక్కేస్తే, లేదా మూరెడు మొండెం వదిలేస్తే, అక్కడి నుంచి లోపలికి పుచ్చు. తల నరకడమంటే అలాంటి గాయాలు పదో ఇరవయ్యో ఒకేసారి చెయ్యడం. ఆ పచ్చటి గుబురు ఆరోగ్యం కాదు, ఆకలి. ఆకులన్నీ పోయాయి కాబట్టి దాచుకున్న తిండంతా ఖర్చుపెట్టి గబగబా చిగుళ్ళు వేస్తుంది. అవి పై పొరకి అతుక్కుని ఉంటాయి తప్ప అసలు కొమ్మలా లోపలి నుంచి పుట్టినవి కాదు. కింద పుచ్చు, పైన బరువు. నేను ప్రమాదం తప్పిస్తున్నాననుకుని ప్రమాదాన్ని నాటాను.

ఇక పెద్ద కొమ్మ కొయ్యడానికి మూడు కోతలుంటాయి. ఐదో తరగతి పిల్లాడికి కూడా అర్థమవుతుంది. కాండానికి మూరెడు దూరంలో ముందు కింది నుంచి పావు వంతు లోతు గాటు పెట్టాలి. ఇంకో జానెడు బయటికి జరిగి పైనుంచి కొయ్యాలి. కొమ్మ తెగేటప్పుడు చీలిక కింది గాటు దగ్గరికొచ్చి ఆగిపోతుంది, పట్ట చీరదు. ఆ మిగిలిన మొండేన్ని తీరిగ్గా కాలరు బయట కోసెయ్యాలి. ఇంకా పెద్దదైతే ముందే తాడు కట్టి ముక్కలు ముక్కలుగా దించాలి. బాబాయ్‌కి ఈ కింది గాటు సంగతి ఎవరైనా చెప్పి ఉంటే ఆయన తొంటి బాగుండేది. కోసినచోట పేడ, తారు, రంగు పూయడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఆ డబ్బులు మిగుల్చుకోండి. పెరిగిన చెట్టుకి ఒక ఏడాదిలో పావు వంతు ఆకుకి మించి తియ్యకండి.

ఇప్పుడు అసలు గొడవ. ఇవన్నీ తెలియక కాదు మన చెట్లు మోడులవుతున్నది. "కర్ర నీకే" అన్నామంటే ఎంత ఎక్కువ నరికితే అంత జీతం అన్నమాట. రాసిన లైన్ల లెక్కన ప్రోగ్రామరుకి డబ్బులిస్తే ఎలాంటి కోడు వస్తుందో మీకు నేను చెప్పాలా? పొగాకు బ్యారన్లకీ ఇటుక బట్టీలకీ కర్ర కావాలి. సన్న కొమ్మలు తీస్తే ఎవడూ కొనడు, మొద్దు తీస్తేనే గిట్టుబాటు. చెట్టుకి తియ్యాల్సినవి సన్నవి, ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేవి. ఆయనకి తియ్యాల్సినవి లావువి. తప్పు ఆయనది కాదు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా పని అయిపోవాలనుకున్న మనది. చెట్టు కొట్టాలంటే అనుమతి తీసుకోవాలని వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది. ఈ బేరం దానికన్నా పాతది, దానికన్నా గట్టిది.

మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. పెరట్లో ఓక్ చెట్టు కొమ్మలు తీయించడానికి పద్దెనిమిది వందల డాలర్లిచ్చాడు. వచ్చినవాడి సర్టిఫికెట్టు, ఇన్సూరెన్సు కాగితం రెండూ చూసి మరీ ఇచ్చాడు. ఆర్బరిస్ట్ అంటారట వాళ్ళని. ఆ సర్టిఫికెట్టు పరీక్ష రాయాలంటే మామూలుగా మూడేళ్ళు చెట్ల మీద పని చేసి ఉండాలి. అదే అన్నయ్య సంక్రాంతికి ఊరొచ్చి కొబ్బరిచెట్టు ఎక్కినతనితో యాభై రూపాయల దగ్గర అరగంట బేరమాడాడు. అన్నయ్యా, ఇది చదువుతావని తెలుసు. కోప్పడకు, నేను నీకన్నా పెద్ద వెధవ పని చేశాను :)

మనకి ఆ వృత్తికి పేరు కూడా లేదు. "చెట్లు కొట్టేవాడు" అంటాం. చూసేవాడు లేడు, కొట్టేవాడే ఉన్నాడు. అయితే సురపాలుడి వృక్షాయుర్వేదం మనదే అని వాట్సాప్‌లో తెగ తిప్పుతుంటాం. నిజమే, మనదే. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి 1996లో అచ్చేసింది కూడా మన సికింద్రాబాదులోనే. చెట్టుకి వైద్యం ఉందని వెయ్యేళ్ళ కిందటే రాసుకున్నవాళ్ళం ఆ వైద్యుడికి కూలి కింద కట్టెలిస్తున్నాం.

చెయ్యాలనుకుంటే ప్రభుత్వాలకి చేతకానిదేం కాదు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగింది, లోపలంతా చెదలు. 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి చెదల మందు ఎక్కించారు, బరువు మొయ్యలేని కొమ్మలకి స్తంభాలు కట్టారు. ఫొటోలు చూసి జనం నవ్వారు గానీ చెట్టు బతికింది. అలాగే తాళ్ళ మీంచి పడి గీత కార్మికులు చచ్చిపోతున్నారని తెలంగాణలో 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్ళూ బెల్టులూ ఇవ్వడం మొదలెట్టారు. తాటిచెట్టెక్కేవాడి ప్రాణానికి ఒక లెక్క వచ్చింది. వేపచెట్టెక్కేవాడి ప్రాణం ఇంకా ఎవరి లెక్కలోనూ లేదు.

మన కంపెనీల సంగతి వేరే చెప్పాలా? జూన్ 5న అందరికీ ఒకే రంగు టీషర్టులు, తలో మొక్క, తలో సెల్ఫీ. నేనూ మూడుసార్లు నాటాను. ఒక్కదాని దగ్గరికీ మళ్ళీ వెళ్ళలేదు. మొక్క నాటడం లాంచ్ పార్టీ లాంటిది, చెట్టుని చూసుకోవడం మెయింటెనెన్స్. రెండోది ఎవడికీ అక్కర్లేదు, అప్రైజల్లో పనికిరాదు.

ఊళ్ళో ఇళ్ళున్నవాళ్ళకి ఇంకొన్ని చెప్పి ఆపుతాను. చెట్టు మొదలు దాకా సిమెంటు గచ్చు వెయ్యొద్దు, వేరుకి గాలి కావాలి. ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని గ్రీన్ ట్రిబ్యునల్ 2013లోనే చెప్పింది. అరుగు కట్టాలని మొదలు చుట్టూ మట్టి పోసి ఎత్తు చేసినా అదే గతి, వేళ్ళకి ఊపిరాడదు, మొదలు కుళ్ళుతుంది. నల్లరేగడిలో చిన్న మొక్కకి రోజూ చెంబుడు నీళ్ళు పొయ్యడం దండగ, వారానికోసారి పాదు నిండా పొయ్యండి, పాదు కాండానికి ఆనకుండా కాస్త ఎడంగా ఉండాలి. రాలిన ఆకు ఊడ్చి తగలబెట్టకుండా పాదులో పరిస్తే నెర్రెలు తగ్గుతాయి. గట్టు మీద చెట్టు మొదట్లో పత్తికట్టె పోగేసి నిప్పెట్టడం మానండి. గడ్డి మందు కొట్టేటప్పుడు కూడా గట్టు మీది చెట్టుని గుర్తుపెట్టుకోండి. ఇంజనీరింగ్ కాలేజీ బోర్డులు మేకులేసి చెట్లకి కొట్టేవాళ్ళ గురించి వేరే రాస్తాను, ఆ బోర్డు చూసి చేరినవాణ్ణే నేను.

పోయిన నవంబరులో సెలవు పెట్టి ఊరెళ్ళాను. నడుముకీ తొడలకీ కట్టుకునే బెల్టు, యాభై మీటర్ల తాడు, హెల్మెట్టు కలిపి పదిహేడు వేలయ్యాయి. "చెట్టెక్కడానికి పదిహేడు వేలా?" అని నాన్న గొణిగాడు. బాబాయ్ కొడుక్కి ఇచ్చాను. కర్ర మాకే, కూలి రోజుకి రెండు వేలు అని ముందే చెప్పుకున్నాం. ఇద్దరం కూర్చుని వీడియోలు చూశాం. బాబాయ్ కర్ర సాయంతో వచ్చి కింద కుర్చీలో కూర్చున్నాడు. తాడు ఏ కొమ్మకి వెయ్యాలో, ఏ కొమ్మ మొయ్యదో ఆయన చెప్పాడు. ఆ సంగతి ఏ వీడియోలోనూ లేదు. మోడు మీద గుబురులో బలమైనవి నాలుగైదు ఉంచి, మిగతావాటిలో కొన్ని తీశాం. ఒకేసారి అన్నీ తియ్యకూడదు, ఇంకో రెండు మూడేళ్ళు పడుతుంది చెట్టుకి మళ్ళీ ఓ రూపం రావడానికి. కింది గాటు పెట్టినప్పుడు కొమ్మ చప్పుడు లేకుండా తెగి తాడుకి వేలాడింది. బాబాయ్ దానివంక చాలాసేపు చూశాడు.

"ఇంతేనా బాబూ?" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు.

సాయంత్రం పక్కింటి పెదనాన్న వచ్చి వాళ్ళ చింతచెట్టు తల కొట్టాలన్నాడు. బాబాయ్ కొడుకు చెట్టు చుట్టూ తిరిగి చూసి, "తల కొట్టనండి, ఇంటి మీదికొచ్చినవి రెండు తీస్తాను, కర్ర నాకొద్దు, కూలి రెండు వేలు" అన్నాడు. పెదనాన్న నావంక చూసి నవ్వి, "ఏరా, వీడికి నువ్వేనా నేర్పింది?" అని వెళ్ళిపోయాడు. మర్నాడు నేను బస్సెక్కేటప్పటికి పక్కూరి నుంచి ఇద్దరు కోత మిషనుతో వచ్చారు. ట్రాక్టరు కూడా తెచ్చుకున్నారు, కర్ర తోలుకోడానికి.