నది మధ్యగా గీసిన గీత

ప్రతి క్రిస్మస్‌కు మన సంఘములలో పాడుకొనే ‘శుద్ధరాత్రి’ కీర్తన మొట్టమొదట ఆస్ట్రియాలోని ఒబర్న్‌డార్ఫ్ అను ఊరిలో పాడబడినదని మీలో చాలమంది వినియుంటారు. అయితే అందుకు రెండేండ్ల ముందు వరకు ఒబర్న్‌డార్ఫ్ వేరే ఊరు కాదు. నదికి ఇవతలి ఒడ్డున, నేటి జర్మనీలోనున్న లౌఫెన్ పట్టణానికి అది ఒక పేట. పాట కథ చెప్పేవారు ఈ లౌఫెన్‌ను మరచిపోతారు.

లౌఫెన్ చిన్న ఊరే. జనాభా సుమారు 7 వేలు. బవేరియా రాష్ట్రంలో, సాల్జ్‌బర్గ్ నగరానికి దాదాపు 20 కిలోమీటర్ల దిగువన, సాల్జాక్ నది మెలిక తిరిగిన చోట ఉన్నది. మూడు ప్రక్కల నీరే. 14వ శతాబ్దంలో కట్టిన పెద్ద రాతి గుడి నేటికీ ఆ ఊరిలో నిలిచియున్నది.

ఈ ఊరిని పోషించినది ఉప్పు. ఎగువన హల్లైన్ గనులలో తీసిన ఉప్పు పడవలపై వచ్చేది. లౌఫెన్ దగ్గర నదిలో బండరాళ్లు, సుడులు ఉండుటచేత సరుకు అక్కడ దింపి మరల ఎక్కించవలసి వచ్చేది. సరంగులు, కళాసులు, కూలీలు, పడవలు చేసే వడ్రంగులు, అందరికీ దానివల్లనే కూడు. చలికాలంలో పడవలు ఆగిపోతే పని ఉండదు. అప్పుడు ఈ పడవవారు నాటకాలు కట్టి ఊరూరా ఆడి పొట్ట పోసుకొనేవారట. ఆ కాలపు బీదలు ఎంత తెలివిగా బ్రదికారో చూడండి.

నెపోలియన్ యుద్ధములు ముగిసిన తరువాత 1816లో మ్యూనిక్‌లో జరిగిన ఒప్పందం ప్రకారం నదియే సరిహద్దు అయినది. లౌఫెన్ బవేరియాకు, అవతలి పేట ఆస్ట్రియాకు పోయినవి. ఒక్క ఊరు రెండు రాజ్యములైనది. పడవవారిలో ఎక్కువమంది అవతలి పేటలోనే ఉండేవారు. వారు వెళ్లే పెద్ద గుడి మాత్రం ఇవతల లౌఫెన్‌లో మిగిలిపోయినది. అందుచేత పేటలోని సెయింట్ నికోలస్ అను చిన్న గుడినే వారికి సంఘపు గుడిగా చేశారు. ఉప్పు వ్యాపారం కూడా అప్పటికే సన్నగిల్లుచున్నది.

1817లో ఆ గుడికి సహాయ గురువుగా వచ్చినవాడు జోసెఫ్ మోర్. ఆయన కేథలిక్కు, పెండ్లి కాని ఒక బీద స్త్రీకి పుట్టినవాడు. పాట మాటలు ఆయన 1816లోనే, వేరొక ఊరిలో నుండగా వ్రాసినట్లు 1995లో దొరికిన ఆయన చేతివ్రాత వలన తెలిసినది. 1818 డిసెంబరు 24న ప్రక్క ఊరి బడిపంతులు ఫ్రాంజ్ గ్రూబర్ రాగం కట్టగా, ఇద్దరూ గిటారుతో పాడారు. ఎలుకలు ఆర్గన్ తిత్తులు కొరికివేసినవని మేము బోధకులము ప్రసంగాలలో చెబుతుంటాము. నేనూ చెప్పినవాడినే! కాని గ్రూబర్ 1854లో స్వయంగా వ్రాసిన వృత్తాంతంలో ఎలుకల మాట లేదు. ఆ రాత్రి వినినవారు మాత్రం రెండేండ్ల క్రితమే తమ పెద్ద గుడి పరదేశములో పడిపోయిన పడవవారు.

రెండవ ప్రపంచయుద్ధంలో లౌఫెన్‌లోని పాత రాజభవనం బందీఖానా అయినది. జెర్సీ, గెర్న్సీ దీవులనుండి 1942లో తేబడిన పురుషులు 1945 వరకు అందులో ఉన్నారు. కిటికీలలోనుండి చూస్తే క్రింద అదే నది.

1897, 1899 వరదలలో సెయింట్ నికోలస్ గుడి దెబ్బతిని, తరువాత కూల్చబడినది. ఆ స్థలంలో కట్టిన చిన్న మందిరం 1937లో ప్రతిష్ఠింపబడినది. రెండు ఊళ్లను కలుపు ఇనుప వంతెన 1903 నాటిది. 1998 నుండి దానిమీద తనిఖీలు తీసివేశారు. 2015లో వలసల మూలముగా సరిహద్దులో మరల పెట్టారు. 2020లో కరోనా వచ్చినప్పుడు కొన్ని నెలలు రాకపోకలకే ఆంక్షలు వచ్చినవి.

ప్రతి డిసెంబరు 24 సాయంకాలం ఆ చిన్న మందిరము ముందు జనులు కూడి ఆ పాట పాడుదురు. లౌఫెన్ వారికి అది వంతెన అవతలనే.